నుమాయిష్‌లో రెండు చేతులు

డాక్టర్ వామన్‌రావు రంగుల పటాన్ని గోడకు తగిలించి, కాస్త వెనక్కి జరిగి చూసుకున్నాడు. మనిషి చర్మాన్ని నిలువునా కోసి, పెద్దది చేసి చూపించినట్టు వేయించాడు దాన్ని. పైన సన్నటి గోధుమరంగు గీత, పైచర్మం. దాని కింద గులాబీరంగులో లోచర్మం. అందులో వెంట్రుకల కుదుళ్లు, చెమట గొట్టాలు, ఎర్రటి దారాల్లాంటి నెత్తురు నాళాలు. అన్నిటికీ అడుగున, పటంలో సగం దాకా, మొక్కజొన్న గింజలు పేర్చినట్టు పసుపుపచ్చటి కొవ్వు.

"బాగుంది గదా సుగుణమణీ?"

"బాగుంది సార్," అంది సుగుణమణి. ఆ పసుపు రంగు మీద ఆమె చూపు ఎక్కువసేపు నిలవలేదు.

ఆబిడ్స్‌లో ఆయన నడిపే చిన్న దవాఖానలో ఆమె నర్సు. కట్లు కట్టడం, సూదులు ఉడకబెట్టడం, పరదా వెనక ఆడవాళ్లను పరీక్షించి చూసింది డాక్టరుకు చెప్పడం ఆమె పని. యాభై ఐదో సంవత్సరం జనవరిలో డాక్టరూ ఆయన స్నేహితులూ ఆరోగ్య ప్రచార సంఘం అని ఒకటి పెట్టి, నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఒక దుకాణం తీసుకున్నారు. అందులో అమ్మేదేమీ లేదు. తిండి గురించి, ఒంటి గురించి జనానికి నాలుగు మాటలు చెప్పాలని ఆయన తపన. అందుకు ఆ రోజులన్నీ దవాఖాన మూసుకుని మరీ వచ్చాడు. ఆడవాళ్లకు చెప్పడానికి సుగుణమణిని తీసుకొచ్చాడు.

దుకాణానికి పెట్టిన తలుపు ఇరుకు. సుగుణమణి లోపలికి వచ్చినప్పుడల్లా పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి రావాల్సి వచ్చేది. ఎవరైనా చూశారేమోనని ముందు బయటికి చూసేది. ఆమె రవికె చేతులు మణికట్టు దాకా ఉంటాయి. ఎండాకాలమైనా అంతే. కొంగును భుజాల చుట్టూ తిప్పి పిన్ను పెట్టుకుంటుంది. ఆబిడ్స్ సందులో దర్జీ ఆమె కొలత తీసేటప్పుడు టేపు చాలక మధ్యలో వేలు పెట్టి మళ్లీ మొదటి నుంచి తిప్పుతాడు. ఆ కొంచెంసేపూ ఆమె ఎదుటి గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడుతుంది.

మొదటి రోజు దుకాణానికి ఎవరూ రాలేదు. ఎదురుగా గాజుల దుకాణం, పక్కన కాశ్మీరు శాలువలు, అవతల రంగులరాట్నం. జనం చర్మం పటాన్ని ఒక చూపు చూసి, మొహం అదోలా పెట్టి, గాజుల వైపు తిరిగిపోయారు. డాక్టరు గొంతు పెంచాడు. పైచర్మం చచ్చిన పొర అనీ, రోజూ రాలి పోతుందనీ, కొవ్వు ఒంటికి దుప్పటి లాంటిదనీ, ఆకలి రోజుల కోసం దాచుకున్న గింజల గాదె అనీ చెప్పాడు. గాజుల దుకాణం వాడొక్కడే, బేరం లేనప్పుడు, విన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం దుకాణం ముందు ఒక ఆడమనిషి దుమ్ము ఊడుస్తోంది. వంగి ఊడుస్తుంటే కొంగు జారి చెయ్యి భుజం దాకా కనిపించింది. డాక్టరు మాట్లాడుతున్నవాడల్లా ఆగి, ఆ చేతిని చూశాడు.

"ఏమమ్మా, జర ఇటు రా."

ఆమె చీపురు పట్టుకునే వచ్చింది. తప్పేదో చేసినట్టు ఊడ్చిన నేలను ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది.

"నీ పేరేంది?"

"శంకరమ్మ, సారు."

"ఏ ఊరు?"

"పాలమూరు దిక్కు. గిప్పుడు గీడనే, టేషన్ ఎనక గుడిసెల్ల ఉంటున్నం. మా ఆయన మాల్ గోదాంల హమాలీ."

డాక్టరు ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాడు. రోజంతా ఊడిస్తే వచ్చే కూలికి ఇంకో కూలి కలిపి ఇస్తానన్నాడు. చెయ్యి చూపిస్తూ కూర్చుంటే చాలన్నాడు. శంకరమ్మకు అర్థం కాలేదు. సూది వేస్తారా అని అడిగింది. వెయ్యరని చెప్పాక కూర్చుంది.

డాక్టరు సంచిలోంచి ఇనుప కొలత తీశాడు. పట్టకారులా ఉంటుంది. రెండు కొమ్ముల మధ్య చర్మాన్ని మడిచి పెడితే ఎంత మందమో పక్కన అంకెలు చెప్తాయి. పరాయి ఆడమనిషిని ఆయన ముట్టుకోకూడదు. దాన్ని సుగుణమణి చేతికిచ్చాడు.

సుగుణమణి శంకరమ్మ రవికె చెయ్యి పైకి మడిచి, మోచేతికి పైన వెనకవైపు చర్మాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి లాగింది. తడి కాగితంలా లేచి వచ్చింది. వేళ్ల కింద ఇంకేమీ తగలలేదు. దాని వెనకే కండ, ఆ వెనకే ఎముక. చెయ్యి చల్లగా, గరుకుగా ఉంది.

"నొస్తుందా?"

"లేదమ్మా. సక్కిలిగిలైతుంది," అంది శంకరమ్మ, నవ్వాపుకుంటూ.

"చూడండి!" అన్నాడు డాక్టరు బయటికి తిరిగి. "పటంలో పసుపు రంగు చూశారు గదా. ఈమె ఒంట్లో ఆ పొర లేదు. పైచర్మం, లోచర్మం, అంతే. చలి పడితే కప్పుకోను దుప్పటి లేదు. జ్వరం పడితే తినను గాదెలో గింజ లేదు!"

ఒకరు ఆగారు. ఒకరు ఆగడం చూసి ఇంకొకరు. కాసేపట్లో గాజుల దుకాణం ముందు వాళ్లు కూడా ఇటు తిరిగారు.

"సుగుణమణీ, ఇప్పుడు నీ చెయ్యి."

ఆమె విననట్టు నిలబడింది. డాక్టరు మళ్లీ అన్నాడు. ఇంతమంది ముందు. మణికట్టు దగ్గర గుండీ విప్పింది. రవికె చేతిని పైకి మడవడానికి గుడ్డ సాగక, మడత మడతకూ ఆగి, మోచెయ్యి దాటించేసరికి ఆమె చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. ఎవరో కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు తెలుసు. చర్చిలో పాటలు పాడేవాళ్ల వరసలో నిలబడేటప్పుడు, బస్సు ఎక్కేటప్పుడు, రిక్షా బేరమాడేటప్పుడు వెనక నుంచి వచ్చే నవ్వే అది.

"నవ్వేదేముంది దాంట్లో?" అన్నాడు డాక్టరు గట్టిగా. "ఇది భాగ్యం! ఈమెను చూడండి. దెబ్బ తగిలితే మెత్త లాగ ఆపేది ఇదే. పది రోజులు జ్వరం పడ్డా తట్టుకునేది ఇందుకే. దేవుడిచ్చిన ఆస్తి ఇది. ఆరోగ్యం అంటే ఇట్లుండాలి!"

నవ్వు ఆగిపోయింది. ముందు వరసలో ఉన్న ముసలామె సుగుణమణి చేతి వైపు, దేవుడి పటం వైపు చూసినట్టు చూసింది. "ఏం తింటవు బిడ్డా?" అని అడిగింది నెమ్మదిగా.

ఆ సాయంత్రం సుగుణమణి నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా నడిచే వెళ్లింది. పోస్టాఫీసు దాటాక తాను మామూలు కంటే మెల్లగా, తల ఎత్తి నడుస్తోందని ఆమెకే తోచింది. ఇంటికి వెళ్లి ట్రంకుపెట్టె అడుగు నుంచి మోచేతుల దాకానే చేతులున్న రవికె ఒకటి తీసింది. ఎప్పుడో కుట్టించి, ఒక్కసారీ తొడుక్కోనిది. మర్నాడు అదే వేసుకుంది.

మూడో రోజు జనాన్ని ఆపడానికి తాడు కట్టాల్సి వచ్చింది. డాక్టరు మాట్లాడటం, సుగుణమణి కొలవడం, ముందు శంకరమ్మ చెయ్యి, తర్వాత తన చెయ్యి. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూపించమన్నాడు డాక్టరు. సుగుణమణి తన చెయ్యి శంకరమ్మ చేతికి ఆనించి పట్టుకునేది. సన్నటి నల్లటి చెయ్యి పక్కన తన చెయ్యి ఇంకా తెల్లగా, ఇంకా నున్నగా కనిపించేది. ఆమె దాన్ని తిప్పి, వెలుతురు పడేలా పట్టడం నేర్చుకుంది. కొలత చెప్పేటప్పుడు శంకరమ్మది తగ్గు గొంతుతో, తనది కొంచెం గట్టిగా చెప్పడం కూడా వచ్చేసింది. అలా చెప్తున్నానని ఆమె గమనించుకోలేదు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక స్టూళ్ల మధ్య గోనెపట్టా పరిచి సుగుణమణి టిఫిన్ గిన్నె విప్పింది. అన్నం, కోడిగుడ్డు కూర. శంకరమ్మ కొంచెం దూరంగా, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఆమె ఏమీ తెచ్చుకోలేదు.

"రా శంకరమ్మా, జర తిను."

"వద్దమ్మా, మీకే సరిపోదు."

"సరిపోతది, రా." సుగుణమణి గిన్నె మూతలో అన్నం తీసి, పైన గుడ్డు సగం పెట్టింది. శంకరమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని ముందుకు జరిగింది. మూత కోసం రెండు చేతులూ చాపింది.

అప్పుడే డాక్టరు లోపలికొచ్చాడు. పొద్దున్నుంచీ ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు.

"అరె, ఏం చేస్తున్నవు సుగుణమణీ! గిట్ల పెట్టుకుంట పోతే నుమాయిష్ అయ్యేలోపల ఈమె నీ లెక్కయితది. అప్పుడు జనానికి ఏం చూపిస్తం? నుమాయిష్ దాటనియ్యి, తర్వాత మేపుదువు!"

హాయిగా నవ్వాడు. సుగుణమణి కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమె నోట్లోంచి ఇట్టే వచ్చేసింది. డాక్టరు ఛలోక్తికి రోజూ దవాఖానలో నవ్వినట్టే నవ్వింది. నవ్వుతూనే మూత పట్టుకున్న చెయ్యి కొంచెం వెనక్కి తీసుకుంది.

శంకరమ్మ చాపిన చేతులు అలాగే కాసేపు గాలిలో ఉండి, ఒళ్లోకి వెళ్లాయి. ఆమె మొహం మీద కూడా నవ్వు ఉంది.

"ఆకలి లేదమ్మా," అంది. "పొద్దుగాల తినొచ్చిన."

డాక్టరు వెళ్లిపోయాక సుగుణమణి మూత మళ్లీ ముందుకు జరిపింది. శంకరమ్మ తల అడ్డంగా ఊపి, చీపురు తీసుకుని బయటికి పోయింది. మూతలోని అన్నం సుగుణమణే తిన్నది. దుకాణం వెనక కట్టిన పరదా అవతలకు పోయి, గోడ వైపు తిరిగి తిన్నది.

నాలుగో రోజు ఆదివారం. గోదాంకు సెలవు. జనం విరగబడి వచ్చారు. శంకరమ్మ చెయ్యి పట్టుకుని సుగుణమణి చర్మాన్ని మడిచి కొలత కొమ్ముల మధ్య పెడుతుండగా, ఆమె వేళ్ల కింద ఆ చెయ్యి కట్టెలా బిగుసుకుపోయింది.

"ఏమైంది?"

శంకరమ్మ ముందుకే చూస్తోంది. తాడు అవతల, మొదటి వరసలో, తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి నిలబడ్డాడు. నడివయసు. భుజాలు ముందుకు వంగి ఉన్నాయి. శంకరమ్మనే చూస్తున్నాడు. డాక్టరు అప్పటికే మొదలుపెట్టాడు, గాదెలో గింజ లేదని.

ఆ మనిషి తాడు ఎత్తి లోపలికి వచ్చాడు. గొడవేదో అవుతుందని జనం ఒక అడుగు ముందుకు జరిగారు. అతను మాత్రం చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని సుగుణమణి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నా పేరు దుర్గయ్య. నేను ఈమె పెనిమిటిని. ఈడ ఊడుస్తున్నా అని చెప్పింది నాకు." తల దించుకున్నాడు. "ఆమె తినక గిట్ల లేదమ్మా. నేను తెచ్చేదే గంత. కొలుస్తే నన్ను కొలువున్రి."

తలకు చుట్టిన తువ్వాలు విప్పి, చొక్కా తీసేశాడు. పక్కటెముకలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. సుగుణమణి డాక్టరు వైపు చూసింది. ఇక ఆపమంటాడని, ఇతని భుజం మీద చెయ్యి వేసి ఏదో ఒక మాట అంటాడని చూసింది.

డాక్టరు కళ్లు దుర్గయ్య వీపు మీద ఆగిపోయాయి. మెడ కింద, భుజాల మధ్య, బస్తా ఆనే చోట చర్మం అరచేయంత మేర నల్లగా, మందంగా, తోలులా కాయ కట్టి ఉంది.

"అద్భుతం!" అన్నాడు ఆయన. ఆ గొంతులో వెటకారం లేదు, నిజమైన ఆశ్చర్యమే ఉంది. "సుగుణమణీ, ఇది కొలువు. ఇక్కడ! అందరూ చూడండి, ఇది కొవ్వు గాదు. పైచర్మమే ఇట్ల మందమైంది. రాపిడి తగిలినకొద్దీ పైపొర తనను తాను కాపాడుకోను పొర మీద పొర పెంచుకుంటది. జర ఇటు తిరుగు నాయనా, వాళ్లకు కనపడాలె."

దుర్గయ్య తిరిగాడు. తిరగమన్నందుకు తిరిగాడు. జనానికి వీపు, సుగుణమణికి మొహం. ఆ మొహంలోకి చూడలేక ఆమె కొలత పట్టుకుని వెనక్కి వెళ్లింది. కాయను ఇనుప కొమ్ములతో పట్టుకుంది. అది మడత పడలేదు. రెండుసార్లు జారింది. మూడోసారి పట్టు దొరికింది. ఆమె అంకె చదివింది. ఎవరికీ వినపడలేదు. డాక్టరు మళ్లీ అడిగితే మళ్లీ చదివింది.

జనంలో కొందరు "వారెవా" అన్నారు.

దుర్గయ్య చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. భార్య వైపు చూడకుండా, డాక్టరుకు దండం పెట్టి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లిపోయాడు. శంకరమ్మ స్టూలు మీది నుంచి లేవలేదు. పొద్దు వాలేదాకా చెయ్యి చాచి కూర్చుంది. తర్వాత చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె రాలేదు.

డాక్టరు ఒక గంట ఎదురు చూశాడు. పటం పక్కన ఖాళీ స్టూలు పెట్టి మాట్లాడితే జనం నిలబడలేదు. మధ్యాహ్నానికి ఆయనకు చిరాకెక్కింది.

"రేపు ఆడవాళ్ల రోజు, సుగుణమణీ. మగవాణ్ని, నన్ను గేటు దగ్గరే ఆపేస్తరు. రేపంతా నీ మీదనే. హైదరాబాద్ ఆడవాళ్లందరు వస్తరు, పరదాలో ఉండేటోళ్లు గూడ. వాళ్లకు చెప్పుడే గదా మనకు ముఖ్యం! నువ్వు పోయి ఆమెను తీస్కరా. రానంటే ఇంకొకామెను చూడు. స్టేషన్ దగ్గర అసొంటోళ్లకు కరువా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. స్టేషన్ ముందు నుంచి నడుస్తుంటే సుగుణమణికి ఎటు చూసినా చేతులే కనిపించాయి. చంటిపిల్లను ఎత్తుకున్న చేతులు, బొగ్గు ఏరుకునే చేతులు, ఊరికే ఒళ్లో పడి ఉన్న చేతులు. ఏ చేతిని పట్టుకుంటే వేళ్ల మధ్య ఎంత వస్తుందో చూడగానే అంచనా కట్టగలుగుతోంది ఆమె. దుకాణంలో నేర్చుకున్న విద్య. ఒకామె ఆ చూపును గమనించి కొంగు భుజం మీదికి లాక్కుంది. సుగుణమణి తల దించుకుని అక్కడ నుంచి త్వరత్వరగా నడిచింది. ఆమె వేసుకున్నది మళ్లీ పొడుగు చేతుల రవికె.

గోదాం వెనక, పట్టాల పక్కన, రేకులూ గోనెలూ కప్పిన గుడిసెలు. శంకరమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద కుండ పెట్టి ఊదుతోంది. సుగుణమణిని చూసి గబుక్కున లేచి, గోనెసంచి దులిపి పరిచింది.

"కూసోండ్రి అమ్మా."

కూర్చోవడం సుగుణమణికి కష్టమైంది. చెయ్యి నేలకు ఆనించి మెల్లగా కూర్చుంది. దారంతా అల్లుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నేను ఆ రోజు నవ్వకుండ ఉండాల్సింది శంకరమ్మా."

"ఏ రోజు?"

"అన్నం పెడుతుంటే సారు ఎగతాళి చేసిండు గద. నేను నవ్విన."

శంకరమ్మ పొయ్యిలో పుల్ల సర్ది, పొగకు కళ్లు చిట్లించింది. "సారు నవ్విండు, మీరు నవ్విన్రు. నేను గూడ నవ్విన గద."

"కోపమొచ్చి ఉంటది నీకు."

"కోపం గాదమ్మా. ఆకలైంది." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "కూర మంచిగ వాసనొచ్చింది."

సుగుణమణికి ఏడుపు వచ్చింది. ఇక్కడ ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనిపించి, పట్టాల వైపు చూస్తూ మింగింది.

శంకరమ్మ కుండలోంచి జొన్న అంబలి సత్తుగిన్నెలోకి వంచి, ఉప్పు వేసి ఆమె ముందు పెట్టింది. సుగుణమణి వద్దనబోయింది. వద్దంటే ఆమె నొచ్చుకుంటుందని, గిన్నె ఎత్తుకుంది. వేడిగా ఉంది. ఒక్కో గుక్కా తాగుతుంటే, కుండలో ఇంకెంత ఉందో చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. చూపు అటే పోయింది.

"దుర్గయ్య ఏమన్న అన్నడా?"

"ఏమనలే. కొట్టలే, తిట్టలే. తిట్టినా మంచిగుండు." శంకరమ్మ పుల్లను పొయ్యిలోకి గట్టిగా తోసింది. "నిన్నటి సంది తన పళ్లెంలది తీసి నా పళ్లెంల ఏస్తుండు. వద్దంటే లేచి పోతుండు. గిట్ల తినకుండ బస్తాలు మోస్తే ఎట్ల మనిషి? ఏడన్న పడితే?"

ఒక గూడ్సు బండి మెల్లగా కదిలి పోయింది. సుగుణమణి గిన్నె ఖాళీ చేసి కింద పెట్టింది. ఇక చెప్పాల్సింది చెప్పి పోవాలనుకుంది. నీ జోలికి ఇంకెవరూ రారు, నిన్ను ఆ స్టూలు మీద ఇంకెప్పుడూ కూర్చోబెట్టను అని చెప్పాలనుకుంది. ఆ మాట అంటే తన గుండె తేలికపడుతుందని ఆమెకు తెలుసు.

"అమ్మా," అంది శంకరమ్మ, ముందుకు వంగి, చిన్న గొంతుతో. "నా జాగ ఉన్నదా? ఎవరినన్న కూసోబెట్టిన్రా?"

సుగుణమణికి అర్థం కాలేదు.

"రేపు ఆడోళ్ల రోజంట గద. మొగోళ్లను లోపలికి రానియ్యరంట. ఆయనకు తెల్వది. నేనొస్త. జర సారుకు చెప్పి నా జాగ నాకే ఉంచున్రి." ఆమె సుగుణమణి మోకాలి మీద చెయ్యి వేసింది. "రెండు కూళ్లొస్తే బియ్యం తెస్త. ఇద్దరం కడుపు నిండ తింటే గప్పుడు నా పళ్లెంల ఎందుకేస్తడు?"

క్షమాపణ అడగడానికి వచ్చిన మనిషి ఆ చెయ్యి వైపు చూస్తూ కూర్చుంది. తాను మొయ్యలేకపోతున్న సిగ్గు ఈమె ఎప్పుడో పక్కన పెట్టేసింది. ఈమెకు కావలసింది తన కన్నీళ్లు కాదు, ఆ స్టూలు.

"ఉన్నది," అంది చివరికి. "నీ జాగ నీకే ఉన్నది. రా."

ఆడవాళ్ల రోజు పొద్దున్నే గేటు దగ్గర టాంగాలూ రిక్షాలూ బారులు తీరాయి. లోపలికి అడుగు పెట్టగానే బురఖాలు వెనక్కి పడ్డాయి. పిల్లలు ఏడుస్తున్నారు, గాజుల దుకాణంలో గాజులవాడి బదులు అతని భార్య కూర్చుంది, మైదానమంతా ఆడగొంతులే. చర్మం పటం ముందు అప్పుడే గుంపు చేరింది. ఎండిన ఆడమనిషి ఉంటుందట, లావు ఆడమనిషి ఉంటుందట అని వాళ్లు ముందే విని వచ్చారు.

శంకరమ్మ తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. అడగకుండానే స్టూలు మీద కూర్చుని, రవికె చెయ్యి తనే పైకి మడుచుకుని, చాపింది.

సుగుణమణి ఇనుప కొలత చేతిలోకి తీసుకుంది. గుంపు వైపు చూసింది. అన్ని కళ్లూ ఆ సన్నటి చేతి మీదే ఉన్నాయి. రాత్రంతా ఆమె ఏదీ తేల్చుకోలేదు. ఇప్పుడు కూడా తేల్చుకున్నానని అనుకోలేదు. వంగి, శంకరమ్మ రవికె చెయ్యి కిందికి దించి, పైన కొంగు కప్పింది.

"లెవ్వు శంకరమ్మా."

శంకరమ్మ మొహం పాలిపోయింది. "వద్దంటరా అమ్మా? నిన్న రమ్మన్నరు గద!"

"వద్దంటలేను. కూలి నీదే. లేచి ఇది పట్టుకో." కొలత ఆమె చేతిలో పెట్టింది. "ఇయ్యాల నువ్వు కొలువు."

తనే స్టూలు మీద కూర్చుంది. స్టూలు కిర్రుమంది. ముందు వరసలో ఇద్దరమ్మాయిలు ఒకరినొకరు గిల్లుకున్నారు. సుగుణమణి మణికట్టు గుండీ విప్పింది. గుడ్డ మడిచింది, మోచెయ్యి దాటించింది, భుజం దాకా లాగింది. తెల్లటి, మెత్తటి, లావాటి చెయ్యి పగటి వెలుతురులో బయటపడింది. ఈసారి ఇది భాగ్యమని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

"అమ్మో, ఏనుగు!" అంది ఒక గొంతు. నవ్వు వరసల మీదుగా వెనకదాకా పాకింది. ఉర్దూలో ఎవరో ఇంకేదో అన్నారు, మళ్లీ నవ్వు. ఆమె చెవులు కాలాయి, మెడ మీద చెమట పట్టింది. ధైర్యమేమీ రాలేదు. లేచి పరదా వెనక్కి పోవాలని ఉంది. పటం వైపు చూస్తూ, నేర్చుకున్న మాటలు మొదలుపెట్టింది. "చూడున్రి అమ్మా, ఇది పైచర్మం. రోజు రాలిపోతది. ఇది లోచర్మం. ఈ పచ్చది కొవ్వు. నా చేతిల ఉన్నదదే."

శంకరమ్మకు కొలత పట్టుకోవడం తెలీదు. కొమ్ములు గట్టిగా నొక్కింది. సుగుణమణి పళ్లు బిగించింది.

"నొచ్చిందా అమ్మా?"

"లేదు. జర కిందికి పట్టు. ఆఁ, గట్ల. మెల్లగ విడువు."

మళ్లీ పట్టింది. మళ్లీ తప్పింది. ఇంకోచోట పట్టింది. ఆమె నుదురు ముడిపడింది. వేళ్లు మెల్లగా దారికొచ్చాయి. నవ్వేవాళ్లు నవ్వడం మాని ఆ వేళ్లనే చూడసాగారు.

"ఎంతుంది?" అని అడిగింది ముందున్న ఆమె.

శంకరమ్మకు అంకెలు రావు. సుగుణమణి వైపు చూసింది. తర్వాత కొమ్ముల మధ్య ఉన్న చర్మం వైపు చూసింది. రెండో చేతి వేళ్లతో దాన్ని ఒకసారి తాకింది.

"నిండుగున్నది," అంది గట్టిగా, అందరికీ వినపడేలా.

గుంపులోంచి ఎవరో పెద్దామె, ఎముకలగూడులా ఉన్న మనిషి, తాడు దగ్గరికి జరిగింది. తన చెయ్యి కొంగు కిందే దాచుకుని, శంకరమ్మను మాత్రమే చూస్తూ అడిగింది. "నాది జర చూస్తవా బిడ్డా? గీడ వద్దు, అందర్ల."

శంకరమ్మ పరదా ఎత్తి పట్టుకుంది. "లోపలికి రా అవ్వా," అంది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు లేచారు.

సాయంత్రం గేటు బయట డాక్టరు వామన్‌రావు ఆత్రంగా ఎదురు చూస్తున్నాడు. లోపలి నుంచి వచ్చే ఆడవాళ్ల మాటల్లో తన దుకాణం సంగతి చెవిన పడి, ఆయన మొహం వెలుగుతోంది.

"వచ్చిందా ఆమె? మస్తు జనం వచ్చిన్రంట గదా! అందరికీ చూపించినవా?"

"వచ్చింది సార్."

శంకరమ్మ రెండడుగుల వెనక, ఇనుప కొలతను గుడ్డలో చుట్టి రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. డాక్టరు దాన్ని చూశాడు. ఆమెను చూశాడు. తర్వాత ఆయన కళ్లు సుగుణమణి చేతి మీద పడ్డాయి. రవికె చెయ్యి ఇంకా పైకే మడిచి ఉంది. భుజం నుంచి మోచేతి దాకా ఎర్రగా కంది, నొక్కులు పడి, కొన్నిచోట్ల నీలంగా కమిలి ఉంది.

"అరె, నీ చెయ్యేమైంది?"

సుగుణమణి దాన్ని కప్పుకోలేదు.

"ఏం లేదు సార్," అంది. "ఆమెకు పని నేర్పిన."